సర్ రాస్ మసూద్: పన్నెండేండ్లు మన బడుల పెద్ద

మన శతాబ్ది సంచికలో బిషప్పుల జీవితములు, మిషనెరీల జీవితములు, పల్లె పల్లె తిరిగిన బైబిల్ స్త్రీల వృత్తాంతములు ఉండగా, ఒక మహమ్మదీయ పెద్దమనిషి కథ ఎందుకని కొందరు సభ్యులకు తోచవచ్చును. 1916 మొదలు 1928 వరకు నిజాము రాజ్యములోని సర్కారు బడులన్నిటికి ఆయన పెద్ద. పాతబస్తీ గల్లీలో బడి పెట్టినా, బీదరులో పెట్టినా, ఖమ్మం అడవుల అంచున పెట్టినా, అక్కడ ఏమి చెప్పవలెను, ఏ భాషలో చెప్పవలెను, ఎవరు చెప్పవలెను అను మూడు ప్రశ్నలు చివరకు ఆయన బల్ల మీదికే చేరేవి. మన మిషను బడుల పిల్లలు సర్కారు పరీక్షలకు కూర్చోవలెనన్నా ఆయన శాఖ వేసిన బాటనే నడవవలసి వచ్చేది. మన సంఘములలో తొంభై ఏండ్లు దాటిన పెద్దలను అడిగి చూడండి. ఎక్కములు ఉర్దూలో చెప్పగలవారు ఇప్పటికీ ఒకరిద్దరు దొరుకుతారు. ఆ ఉర్దూ ఎక్కముల వెనుక ఉన్న మనిషిని గూర్చి తెలిసికొనుట మంచిదే.

సయ్యద్ రాస్ మసూద్ 1889వ సంవత్సరములో జన్మించారు. అలీగఢ్ కాలేజీ స్థాపకుడైన సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ ఆయనకు తాత. తండ్రి సయ్యద్ మహమూద్ కేంబ్రిడ్జిలో చదివి, అలహాబాదు హైకోర్టు జడ్జి అయిన మేధావి. భారతదేశములో ఇంగ్లీషు విద్య చరిత్రను గూర్చి ఆయన వ్రాసిన పెద్ద గ్రంథము 1895లో అచ్చయినది. ఆ తండ్రికి రాస్ అను ఇంటిపేరు గల ఇంగ్లీషు మిత్రుడొకరు ఉండేవారు. కుమారునికి ఆ పేరే పెట్టుకున్నారు. బాలుని బిస్మిల్లా వేడుక, అనగా మన అక్షరాభ్యాసము వంటిది, అలీగఢ్‌లో జరిగినప్పుడు బిడ్డను ఒడిలో కూర్చుండబెట్టుకున్నది సర్ సయ్యద్ మిత్రుడైన రాజా జైకిషన్ దాస్. హిందువైన మిత్రుని ఒడిలో ముసల్మాను బిడ్డకు అక్షరములు ప్రారంభమైనవి. ఈ సంగతిని ఆ కుటుంబము వారు గొప్పగా చెప్పుకొనేవారు, చెప్పుకోదగినదే.

తాత 1898లో పోయారు. తండ్రి ఉద్యోగము విడిచి, చివరి సంవత్సరములు వ్యసనములోను విషాదములోను గడిపి, 1903లో మరణించారు. పదునాలుగేండ్ల పిల్లవాని బాధ్యత అలీగఢ్ కాలేజీ ప్రిన్సిపాలైన థియొడోర్ మారిసన్ తీసికొన్నారు. మారిసన్ దంపతులు మసూద్‌ను ఇంగ్లండుకు తీసికొనిపోయి, ఆక్స్‌ఫర్డుకు కావలసిన లాటిను నేర్పుటకు 1906లో ఒక యువకుని కుదిర్చారు. ఆ యువకుడే తరువాత ప్రసిద్ధ నవలాకారుడైన ఇ. ఎం. ఫారస్టర్. లాటిను ఎంత వచ్చినదో కాని, స్నేహము మాత్రము చనిపోవువరకు నిలిచినది. మసూద్ ఆజానుబాహువు, గట్టిగా నవ్వే మనిషి, డబ్బు చేతిలో నిలువని మనిషి. ఫారస్టర్ బిడియస్థుడు. ఈ స్నేహమే లేకపోతే తాను భారతదేశము వైపు చూచి ఉండేవాడినే కానని ఫారస్టర్ తరువాత ఒప్పుకున్నారు. 1924లో వెలువడిన ‘ఎ పాసేజ్ టు ఇండియా’ నవలను మసూద్‌కు అంకితమిచ్చారు; అందులోని డాక్టర్ అజీజ్ పాత్రలో మసూద్ ఛాయలున్నవని విమర్శకులు చెప్పుదురు.

ఆక్స్‌ఫర్డులో న్యూ కాలేజీలో చరిత్ర చదివి, బారిస్టరై, 1912లో స్వదేశము చేరారు. పాట్నాలో కొంతకాలము వకీలుగా ఉన్నారు గాని మనసు అందులో లేదు. విద్యాశాఖలో చేరి పాట్నాలో ఒక హైస్కూలుకు హెడ్మాస్టరు అయ్యారు. పిమ్మట కటకములోని రావెన్షా కాలేజీలో చరిత్ర చెప్పారు. బడి గదిలో సుద్దముక్క పట్టుకున్న అనుభవముతోనే ఆయన 1916లో హైదరాబాదు వచ్చారు. అప్పటికి వయస్సు ఇరువది ఏడేండ్లు. నిజాము ప్రభుత్వము ఆయనను విద్యాశాఖ డైరెక్టరుగా నియమించినది. సర్కారీ భాషలో ఆ పదవి పేరు నాజిమ్ తాలీమాత్. తరువాత మసూద్ జంగ్ అను బిరుదు కూడ ఇచ్చారు.

ఆయన చేతికి వచ్చిన రాజ్యము సంగతి కొంచెము చెప్పవలెను. 1921 జనాభా లెక్కల ప్రకారము కోటి ఇరువది నాలుగు లక్షల మంది. అందులో చదువను వ్రాయను వచ్చినవారు నూటికి ముగ్గురు నలుగురు. మాట్లాడే భాషలు చూస్తే సగానికి దగ్గరగా తెలుగువారు, నాలుగవ వంతు మరాఠీవారు, మిగిలినవారిలో కన్నడము వారు, ఉర్దూ వారు. ఉర్దూ ఇంటి భాషగా గలవారు నూటికి పదిమంది మాత్రమే. అయితే 1880లలో పారసీకమునకు బదులు ఉర్దూ కచేరీ భాష అయినది. ఉద్యోగము కావలెనంటే ఉర్దూ రావలెను.

బడులు మూడు మెట్లు. క్రింది మెట్టు తహతానియా, నడిమిది వస్తానియా, పైది ఫౌఖానియా. ఈ పేర్లు పాతబస్తీ ముసలివారి నోట ఇంకను వినవచ్చును. వీటి మీద మొహతమీములు, అనగా ఇన్‌స్పెక్టర్లు. రైలు లేనిచోట ఎడ్లబండి మీదనో గుఱ్ఱము మీదనో పోయి, హాజరు పట్టీ చూచి, పిల్లలను నాలుగు ప్రశ్నలు అడిగి, రిమార్కు వ్రాసి వచ్చుట వారి పని. పొరుగున మద్రాసు రాజధానిలో పిల్లలు ఇన్‌స్పెక్టరు ముందు ఎంత బాగా అప్పగించితే బడికి అంత గ్రాంటు అను పద్ధతి ఒకప్పుడు నడచినది. దానివలన పంతులు పిల్లలకు పాఠము అర్థమగునట్లు చెప్పుట మాని, ఇన్‌స్పెక్టరు అడిగే ప్రశ్నలు వల్లె వేయించుట మొదలుపెట్టెను. తనిఖీ వేరు, పంతులుకు పని నేర్పుట వేరు. ఈ తేడా తెలియని విద్యాధికారులు ఆ రోజులలోను ఉన్నారు, ఈ రోజులలోను ఉన్నారు.

హైదరాబాదులో ఈ తేడా తెలిసినవారు మసూద్ కాలములో కొందరు కనిపిస్తారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ ఔరంగాబాదు వైపు బడుల ఇన్‌స్పెక్టరుగా పనిచేస్తూనే ఉర్దూ భాషాభివృద్ధికి ప్రాణము పెట్టారు. నగరము వైపు బడుల డివిజనల్ ఇన్‌స్పెక్టరు సయ్యద్ అలీ అక్బర్ ఉపాధ్యాయులను ఒక సంఘముగా కూర్చి, 1920లలోనే ‘హైదరాబాద్ టీచర్’ అను పత్రికను నడిపారు. భూగోళము ఎట్లు చెప్పవలెను, చిన్నపిల్లలకు లెక్క ఎట్లు పట్టుబడును అను సంగతులు అందులో ఉపాధ్యాయులే వ్రాసికొనేవారు. తన బడి గోడ దాటి మరియొక బడి పంతులు ఏమి చేయుచున్నాడో తెలిసికొనుటకు ఆనాటి పంతులుకు వేరే దారి ఎక్కడిది? ఈ పని నాకు పెద్ద భవనముల కన్న విలువైనదిగా తోచుచున్నది.

పెద్ద భవనము మాట వచ్చినది గనుక మన పాతబస్తీలోని సిటీ కాలేజీని గూర్చి. నయాపూల్ దాటి హైకోర్టు వైపు వెళ్ళేవారికి మూసీ ఒడ్డున ఎఱ్ఱగా కనిపించే ఆ కట్టడము తెలియనిది కాదు. హైకోర్టును, ఉస్మానియా ఆసుపత్రిని రూపించిన విన్సెంట్ ఎష్ అను దొరయే దీనికీ శిల్పి. 1908 మూసీ వరదలో కొట్టుకుపోయిన తీరము మీద ఈ మూడు కట్టడములు లేచినవి. సాలార్ జంగు 1856లో నెలకొల్పిన దారుల్ ఉలూమ్‌తో పాతబస్తీలో సర్కారు చదువు ప్రారంభమైనదనుకొంటే, 1921లో సిటీ హైస్కూలు ఈ భవనములోనికి వచ్చుటతో అది ఒక నిలకడకు వచ్చినది. అదే సంవత్సరము ఇంటర్మీడియట్ తరగతులు కూడ పెట్టారు. 1929లో కాలేజీ అయినది. మఖ్దూం మొహియుద్దీన్ కవి కొంతకాలము ఇక్కడ ఉర్దూ చెప్పారు. లాల్‌దర్వాజ, గౌలిపుర, శాలిబండలలోని తెలుగు ఇండ్ల పిల్లలు ఈ మెట్లెక్కి వచ్చి చరిత్ర, లెక్క, సైన్సు అన్నియు ఉర్దూలో విన్నారు.

సైన్సు ఉర్దూలో వినుట అంటే ఆ రోజులకు చిన్న సంగతి కాదు. దేశములో ఎక్కడ చూచినా యూనివర్సిటీ చదువు ఇంగ్లీషులోనే. అక్బర్ హైదరీ గారి విజ్ఞప్తి మీద 1917 ఏప్రిల్ 26న నిజాము ఫర్మానా ఇచ్చి, ఒక భారతీయ భాషలో బోధించే విశ్వవిద్యాలయము పెట్టుమన్నారు. హైదరీ, మసూద్, అబ్దుల్ హఖ్ ముగ్గురి చేతుల మీదుగా ఆ పని జరిగినదని చెప్పవచ్చును. 1919 ఆగస్టు 28న గన్‌ఫౌండ్రీ వద్ద ఒక ఇంటిలో ఉస్మానియా తరగతులు మొదలైనవి. అంతకు ముందే పుస్తకములు కావలెను గదా. అందుకు 1917లోనే తర్జుమా శాఖ ఒకటి ఏర్పరచి, అబ్దుల్ హఖ్‌ను దానికి పెద్దను చేశారు. దేశము నలుమూలల నుండి పండితులను పిలిపించి రసాయన శాస్త్రము, న్యాయశాస్త్రము, యూరపు చరిత్ర ఉర్దూలోనికి దింపించారు. ఒక్కొక్క ఇంగ్లీషు మాటకు ఏమాట పెట్టవలెనని పండితులకు సైన్సు వారికి మధ్య పెద్ద వాదములు జరిగేవి. అరబ్బీ ధాతువునుండి తీయవలెనా, వాడుక హిందూస్తానీ నుండి తీయవలెనా అని వహీదుద్దీన్ సలీం ఒక గ్రంథమే వ్రాశారు.

ఇందులో ఒక వింత ఉన్నది. మసూద్ తాత సర్ సయ్యద్ 1864లో గాజీపురములో సైంటిఫిక్ సొసైటీ పెట్టి ఇంగ్లీషు శాస్త్ర గ్రంథములను ఉర్దూలోనికి తెప్పించారు. 1867లో అలీగఢ్ పెద్దలు దేశభాషలో బోధించే యూనివర్సిటీ కావలెనని బ్రిటిషు ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొన్నారు. అది సాగలేదు. తరువాత తాతగారే మనసు మార్చుకొని, పై చదువు ఇంగ్లీషులోనే ఉండవలెనని గట్టిగా వాదించి, అలీగఢ్‌ను ఆ దారినే నడిపించారు. ఏబది ఏండ్లకు, తాత విడిచిన ఆ దారి మీదనే మనుమడు హైదరాబాదులో నడిచారు.

ఇట్లు చేయుట సాధ్యమా అని సందేహించేవారికి ఉదాహరణ కావలసి వచ్చినది. 1922లో నిజాము ప్రభుత్వము మసూద్‌ను జపాను పంపినది. ఆయన అక్కడి బడులు, నార్మల్ స్కూళ్ళు, స్త్రీల విద్యాలయములు, యూనివర్సిటీలు తిరిగి చూచి, జపాను విద్యావిధానమును గూర్చి ఇంగ్లీషులో ఒక గ్రంథము వ్రాయగా, 1923లో హైదరాబాదు సర్కారు ముద్రణాలయము దానిని అచ్చువేసినది. ఆయన చూచిన టోక్యోలో చాలా భాగము ఆ 1923 సెప్టెంబరు 1 భూకంపములో కాలి బూడిదైనది.

జపాను కథ మన ఉపాధ్యాయులు తప్పక వినవలసినది. 1872లో వారి ప్రభుత్వము ఒక శాసనము చేసినది. దేశమును 8 యూనివర్సిటీ మండలములుగా, ఒక్కొక్క మండలమును 32 మిడిల్ స్కూలు మండలములుగా, ఒక్కొక్క దానిని మరల 210 ప్రాథమిక మండలములుగా విభజించారు. లెక్క కట్టితే 53,760 ప్రాథమిక బడులు. అన్ని బడులు వారు కట్టలేకపోయారు. ఆ సంవత్సరమే వారు మరియొక పని చేశారు. టోక్యోలో నార్మల్ స్కూలు తెరచి, మారియన్ స్కాట్ అను అమెరికా ఉపాధ్యాయుని పిలిపించారు. అంతకు ముందు జపాను పంతులు మన వీధిబడి పంతులు వలెనే ఒక్కొక్క పిల్లవానిని దగ్గరకు పిలిచి పాఠము చెప్పేవాడు. తరగతి అందరినీ ఒకేసారి కూర్చుండబెట్టి, పటము వ్రేలాడదీసి, ప్రశ్న అడిగి, జవాబు రాబట్టుట ఎట్లో స్కాట్ చేసి చూపించెను. చూచి నేర్చినవారు జిల్లాలకు పోయి అక్కడ నార్మల్ స్కూళ్ళు పెట్టి, మరికొందరికి చేసి చూపించిరి. ఒక దీపమునుండి ఇంకొక దీపము వెలిగించినట్లు ఈ పద్ధతి దేశమంతట పాకినది. 1907 నాటికి ఆరేండ్ల నిర్బంధ విద్య వచ్చినది.

యూనివర్సిటీలో మొదట విదేశీ ఆచార్యులు ఇంగ్లీషులోను జర్మనులోను చెప్పిరి. జపాను యువకులు విదేశములలో చదివి తిరిగివచ్చి, ఆ కుర్చీలలో కూర్చొని, తమ భాషలో చెప్పసాగిరి. మసూద్ గ్రంథములో అన్నిటికన్న గట్టిగా నిలిచిన సంగతి ఇదియే. జపాను ఒక తరములో లేచి నిలబడుటకు కారణములలో ముఖ్యమైనది, అక్కడి పిల్లవాడు తల్లి మాట్లాడిన భాషలోనే సైన్సు నేర్చుకొనుట అని ఆయన తీర్మానము. ఉస్మానియాను విమర్శించేవారికి ఇది జవాబు.

అయితే, చదువరులారా, జపానులో జపాను భాష అందరి తల్లిభాష. హైదరాబాదులో ఉర్దూ నూటికి పదిమంది తల్లిభాష. మసూద్ వాదము ఎంత బలమైనదో, అంత బలముగా అది తెలుగువారి పక్షమున కూడ నిలిచినది. ఆయన శాఖ ఆ సంగతిని గుర్తింపలేదు. ఉర్దూ మూడు భాషల ప్రాంతములకు ఉమ్మడిగా ఉండునని, కచేరీలో పనికి వచ్చునని, నాలుగు భాషలలో యూనివర్సిటీ పుస్తకములు వ్రాయించుటకు సొమ్ము చాలదని ప్రభుత్వ పక్షము వారి సమాధానము. సొమ్ము మాట కొంత నిజమే. కాని వస్తానియా దాటి ఫౌఖానియాకు పోయిన తెలుగు పిల్లవానికి ఇంగ్లీషు పరభాష అయినట్లే ఉర్దూయు పరభాషయే కదా. ఆక్స్‌ఫర్డులో చరిత్ర చదివి, జపాను దాకా పోయి చూచి వచ్చిన మనిషికి ఇది కనిపించకుండుట నాకు ఆశ్చర్యము కలిగించుచున్నది.

తెలుగువారు ఊరకుండలేదు. 1901లోనే హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయము, 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారి పూనికతో విజ్ఞాన చంద్రికా మండలి ఏర్పడినవి. శాస్త్ర విషయములు తెలుగులో వ్రాయవచ్చునని ఆ మండలి పుస్తకములే చూపించినవి. 1921 నవంబరులో నగరములోని వివేకవర్ధిని ఆవరణలో నిజాము రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగినది. పూనాలో మహిళా విశ్వవిద్యాలయము పెట్టిన మహర్షి కార్వే గారు అధ్యక్షులు. ఆలంపల్లి వెంకటరామారావు గారు లేచి తెలుగులో మాట్లాడబోగా సభలోనివారు కొందరు గోలచేసి కూర్చుండబెట్టిరి. ఆ అవమానము వలన ఆ రాత్రియే కొందరు తెలుగు యువకులు కూడి ఆంధ్ర జన సంఘమును స్థాపించిరి. రాజధానిలో సగము జనాభా భాషకు సభలో చోటు లేకపోయినది. అదే ఊరిలో నాజిమ్ గారు మరుసటి ఏడు దేశభాషా విద్య చూచుటకు జపాను ఓడ ఎక్కిరి.

తరువాత 1334 ఫసలీలో, అనగా 1924-25లో, ఖాన్గీ బడులకు నిబంధనలు వచ్చినవి. ముందుగా అనుమతి లేనిదే ఎవరును స్వంత బడి పెట్టరాదు. మసూద్ శాఖాధిపతిగా ఉండగానే ఇది జరిగినది. సర్కారుకు తాను చూడని బడి అంటే భయము. ఆ భయము తెలుగు వీధిబడుల మీద పడినది. ఎందరో పల్లె పంతుళ్ళు అరుగుల మీద నడుపుకొంటున్న బడులు మూతపడినవి. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి గారి అధ్యక్షతన జరిగిన మొదటి ఆంధ్ర మహాసభలో ఈ నిబంధనలు తీసివేయవలెనని కోరిరి. ఒక చేతితో బడులు పెంచి, మరియొక చేతితో బడులు మూయించిన శాఖ అది.

ఈ కథలో నాకు మిక్కిలి ఇష్టమైన భాగము నారాయణగూడలో జరిగినది. మాడపాటి హనుమంతరావు గారు, వారి మిత్రులు 1928లో తెలుగు ఆడపిల్లలకు ఉన్నత పాఠశాల పెట్టిరి. బోధన తెలుగులో. సర్కారు శాఖ గుర్తింపు ఇవ్వలేదు. గుర్తింపు లేనిదే పరీక్ష లేదు, పరీక్ష లేనిదే ఆ చదువుకు విలువ లేదు. అప్పుడు వారు పూనాలోని కార్వే గారి మహిళా విశ్వవిద్యాలయమును ఆశ్రయించి, పాఠశాలను దానికి అనుబంధము చేయించిరి. ఆ విశ్వవిద్యాలయములో స్త్రీలకు దేశభాషలలో బోధించవచ్చును. కార్వే గారికి ఆ ఊహ ఎక్కడ నుండి వచ్చినది? టోక్యోలోని జపాను మహిళా విశ్వవిద్యాలయమును గూర్చిన ఒక చిన్న పుస్తకము చదివి, ఆయన 1916లో తన విద్యాలయమును స్థాపించెను. ఆ విధముగా, జపానునుండి మసూద్ తెచ్చిన పాఠము ఆయన శాఖ ద్వారములో తెలుగు బాలికలకు దొరకలేదు గాని, పూనా మీదుగా చుట్టు తిరిగి నారాయణగూడకు వచ్చి చేరినది.

న్యాయముగా చెప్పవలెనంటే ఆడపిల్లల చదువునకు మసూద్ విరోధి కాదు. 1924లో నాంపల్లిలో స్త్రీలకు ఇంటర్మీడియట్ తరగతులు మొదలైనది ఆయన హయాములోనే. కోఠీ మహిళా కళాశాలకు అదే మూలము. ఘోషాలో ఉన్న ఇండ్ల నుండి ఆడపిల్లలను కాలేజీకి రప్పించుట ఆనాడు ఎంత కష్టమో పాతబస్తీ వారికి వేరుగా చెప్పనక్కరలేదు.

మన సంఘ చరిత్రకు ఇందులో ఒక పొరుగు సంబంధమున్నది. అవే సంవత్సరములలో, అదే నిజాము రాజ్యములో, దోర్నకల్లులో బిషప్ అజరయ్య గారు పల్లె ఉపాధ్యాయులను తయారుచేయుచుండిరి. భార్యాభర్తలు ఇద్దరును వచ్చి అక్కడ నివసించి చదువుకొనవలెను; భర్త బడి చెప్పితే భార్య ఆడవారికి చెప్పవలెను. పుస్తకము తెలుగు, పాట తెలుగు, వ్యవసాయము కూడ పాఠములో భాగము. మెదకులో పోస్నెట్ దొర గారి దగ్గరను పల్లె పనివారు కూడి తెలుగులోనే నేర్చుకొనిరి. మసూద్ గారికి ఉన్న ఖజానా వీరికి లేదు. ఆయనకు యూనివర్సిటీ ఉన్నది, వీరికి చింతచెట్టు క్రింద బడి. కాని ఏ భాషలో చెప్పవలెనను ప్రశ్న వీరికి ఎన్నడును కలుగలేదు. వినేవారి భాష తప్ప వేరొకటి వారి ఊహకే రాలేదు.

1921 చివర ఫారస్టర్ హైదరాబాదు వచ్చి మిత్రుని ఇంట ఉన్నారు. మసూద్ ఇల్లు ఎప్పుడును అతిథులతో, ఉర్దూ కవిత్వముతో నిండి ఉండేది. మంచి కవితలు ఏరి ‘ఇంతిఖాబె జర్రీన్’ అను సంకలనము కూర్చారు. తాత ఉత్తరములను కూడ ప్రచురించారు. 1928లో హైదరాబాదు పదవి విడిచారు. మరుసటి ఏడు అలీగఢ్ ముస్లిం యూనివర్సిటీ వైస్ ఛాన్సలరు అయ్యారు. అప్పుడు ఆ సంస్థ కలహములతో చెడియుండినది. సైన్సును నిలబెట్టుటకు ఆయన పూనుకొని, ఇరువదిమూడేండ్ల ఆంద్రే వేయ్ అను ఫ్రెంచి గణితవేత్తను 1930లో ఆచార్యునిగా పిలిపించారు. ఆ కుఱ్ఱవాడు రెండేండ్లకే అక్కడ నుండి వెళ్ళవలసి వచ్చినను, తరువాత ఆ శతాబ్దపు గొప్ప గణితవేత్తలలో ఒకడైనాడు. మనుష్యులను ఎన్నుకొనుటలో మసూద్ కన్ను అట్టిది. 1933లో సర్ బిరుదము వచ్చినది. అదే సంవత్సరము కాబూలు ప్రభుత్వము విద్యా విషయములలో సలహా కొరకు పిలువగా ఇక్బాల్ కవితోను, సులైమాన్ నద్వీతోను కలసి అఫ్ఘానిస్తానము వెళ్ళి వచ్చారు.

1934లో అలీగఢ్ పదవికి రాజీనామా ఇచ్చి, భోపాలు సంస్థానములో విద్యామంత్రిగా చేరారు. అక్కడనే 1937 జూలై 30న, నలుబది ఎనిమిదేండ్లకే మరణించారు. దేహమును అలీగఢ్‌కు తీసికొనిపోయి యూనివర్సిటీ మసీదు ఆవరణలో, తాత తండ్రుల ప్రక్కన ఉంచారు. ఇక్బాల్ ఒక స్మృతి గీతము వ్రాశారు. మరుసటి ఏప్రిలులో ఇక్బాలును పోయారు.

ఆయన నాటిన ఉర్దూ చదువులో తెలుగువారు కూడ పండినారని చెప్పకపోతే కథ అసంపూర్ణము. జ్ఞానపీఠ బహుమానము పొందిన సి. నారాయణరెడ్డి గారు చిన్న తరగతుల నుండి ఉస్మానియాలో బి.ఎ. వరకు ఉర్దూలోనే చదివినవారు. ఆయన తెలుగు చెడలేదు. పైగా గజలు తెలుగులోనికి వచ్చినది. అయితే అట్టి ఒక్కరి వెనుక అర్థము కాని భాషలో కూర్చొని బడి మానిన పిల్లలు ఎందరో. 1948 సెప్టెంబరులో నిజాము పాలన ముగిసిన పిమ్మట ఉస్మానియాలో ఉర్దూ పోయి, దాని చోట ఇంగ్లీషు వచ్చినది, తెలుగు రాలేదు. తెలుగులో కాలేజీ పుస్తకములు వ్రాయించుటకు తెలుగు అకాడమీ 1968లో ఏర్పడినది. హైదరాబాదులోనే పండితులు, సైన్సు వారు మరల ఒక బల్ల చుట్టు కూర్చొని, ఈ ఇంగ్లీషు మాటకు సంస్కృతము నుండి పదము తీయవలెనా, వాడుక తెలుగు నుండి తీయవలెనా అని వాదించుకొనిరి.